పరుగు నా రక్తంలో లేదు

చిన్న గొట్టంలో ఉమ్మి పరీక్షకు పంపితే, దూరపు పరుగుకు కావలసిన జన్యువులు నాలో లేవని రిపోర్టు వచ్చింది. ఈమధ్య నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఆదివారం తెల్లారకముందే తలుపు కొట్టే మా అపార్ట్‌మెంట్ పరుగుల బృందానికి ఆ రిపోర్టు చూపించి, మళ్లీ ముసుగు తన్నాను.

అంతలో బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో పనిచేసే మా తమ్ముడు మారథాన్‌కు పేరిచ్చాడు. మేం కవలలం, అచ్చు ఒకేలా ఉంటాం. నర్సుగా రిటైరైన అమ్మ నా రిపోర్టు చదివి, "ఇద్దరూ నా కడుపులో ఒకే మాయ పంచుకుని పుట్టారు కదరా. వాడికి వేరే జీన్స్ ఎక్కణ్నుంచి వచ్చాయి?" అంది. వాడికి బుద్ధి లేదు, నాకుంది, అదొక్కటే తేడా అన్నాను.

పరుగు రోజు వాణ్ని ఇంటికి తేవడానికి కారేసుకుని వెళ్లాను. వాడు ముగింపు గీత దాటి, నేరుగా టెంటు వెనక్కి పోయి వాంతులు మొదలుపెట్టాడు. వాడి కోసం అరటిపండు పట్టుకుని నిలబడ్డాను. ఇంతలో మెడల్స్ వేస్తున్న పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు.

"మెడల్ తీసుకోకుండానే పోతివే. అప్పుడే బట్టలు గూడా మార్చేసినావు. ఇంత దూరం పరిగెత్తినా మొహం మీద చెమట చుక్క లేదు. ఎట్లప్పా?"

మెడల్ వేయించుకోవడానికి నేను మెడ వంచాను.

"అంతా జీన్స్ అండీ. పుట్టుకతో రావాలి."