మంచుగడ్డల మీద మా తమ్ముడు

ఈ ఉదయం కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే ఫోను గుర్రుమంది. వడగాలులు వీస్తాయి, పొద్దెక్కాక పెద్దవాళ్లెవరూ బయటికి రావద్దని అందులో హెచ్చరిక. లోపలి గదిలో మంచం మీద కూర్చున్న మా తమ్ముడికి చదివి వినిపిస్తే, గోడవైపు తిరిగి పడుకున్నాడు. యాభై దాటిన మనిషి, అందులో సగానికి పైగా వేసవులు ఆ గోడనే చూస్తూ గడిపాడు. ఈ సంగతి ఎవరికైనా చెప్పుకోవాలని చాలాకాలంగా ఉంది గానీ, ఎండలో చెప్పుల్లేకుండా పెరిగిన మా ఈడు వాళ్లకు తప్ప మిగతావాళ్లకు చెప్పినా అందదేమోనని ఇన్నాళ్లూ ఊరుకున్నాను.

మాది పర్చూరు అవతల నల్లరేగడి పల్లె. చూసినంత మేర పత్తి, మిరప. కాసేపు నిలబడదామంటే నీడ ఉండదు. ఏప్రిల్ వచ్చేసరికి పత్తికట్టె పీకేసిన చేలు కాలు దిగేంత నెర్రెలిచ్చేవి, కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు గాలికి లేచి ఊరు ఊరంతా తుమ్ముతూ ఉండేది. అమ్మా నాన్నా కూలికి పోతే, నేనూ తమ్ముడూ చర్చి వెనక ఖాళీ స్థలంలో పెద్దవాళ్లు కట్టి వదిలేసిన వాలీబాలు వల దగ్గర మధ్యాహ్నమంతా పడి ఉండేవాళ్లం. నేల కాలుతుంటే ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి గెంతుతూ సర్వీసు కోసం కాచుకోవడం, పాయింటు పోగొట్టినవాడు పరుగెత్తి పాస్టరుగారి ఇంటి తొట్టిలో తల ముంచి రావడం, ఆ తడిజుట్టు మళ్లీ బంతి మనవైపు వచ్చేలోపే ఆరిపోవడం, ఇవన్నీ మాకు ఆటలో భాగమే. చెమట ఆరి చొక్కాల మీద ఉప్పు తెల్లగా చారలు కట్టేది. ఎవరి చారలు పెద్దవో చూసుకునేవాళ్లం. సాయంత్రం అమ్మ వచ్చి ఇద్దరి వీపులూ చరిచి, ఆ చేత్తోనే మజ్జిగ పోసేది. తమ్ముడు వయసులో నాకంటే చిన్న, పొడుగులో పెద్ద. వాడు ఎగిరి కొడితే బంతి నేలకు తగిలిన చప్పుడు రోడ్డు మీదికి వినపడేది. వాడి కోసం చీరాల జట్లవాళ్లు కూడా మా ఇంటికి వచ్చి అడిగేవారు.

నేను ఇంటరు తప్పి, ఏడాదిపాటు కల్లాల్లో బస్తాలు మోసి, ఆఖరికి సైన్యంలో చేరాను. మొదట వేసిన చోటు ఉత్తరాన మంచుకొండలు. మన పుష్యమాసపు చలికే దుప్పటి ముసుగేసుకునే మనిషిని, అక్కడ మొదటిరోజు బయటికి అడుగుపెట్టగానే ముక్కులో గాలి గడ్డకట్టినట్టయి, ఇక్కడ బతకడం నా వల్ల కాదని ఏడ్చాను. కానీ చలికీ తనదైన ఆట ఉందని మెల్లగా తెలిసింది. ఆదివారాలు మంచును పారలతో చదును చేసి, బూట్లతో తొక్కి గట్టిపరిచి, దాని మీదే వల కట్టేవాళ్లం. బంతి రాయిలా ఉండేది, తగిలితే వేళ్లు జివ్వున లాగేవి, అయినా ఎవరూ ఆగేవారు కాదు, ఎందుకంటే ఆగిన వెంటనే చెమట వీపు మీదే చల్లబడి వణుకు పుట్టేది. మా ఊళ్లో ఒంటిని చల్లార్చుకోవడానికి ఆట ఆపేవాళ్లం, అక్కడ ఒంట్లో వేడి పోకుండా ఉండడానికి ఆడుతూనే ఉండేవాళ్లం. ఆట అయ్యాక పొగలు కక్కే టీ పట్టుకుని నిలబడి, ఎదుటి కొండ మీద పడిన ఎండ మా దాకా ఎప్పుడు వస్తుందా అని చూసేవాళ్లం. ఎండను చూసి ఆశపడడం నా జీవితంలో అదే మొదలు. సెలవుకు వచ్చి ఇదంతా చెబితే తమ్ముడు నోరు తెరుచుకుని వినేవాడు.

అలాంటి సెలవొకటి మే నెలలో దొరికింది. మా అక్క కాపురమున్న ఊళ్లో వాలీబాలు పోటీలు పెట్టారు, బావే మా జట్టుకు పెద్ద. ఆ రోజు తమ్ముడు పొద్దున్నుంచీ కల్లంలో బస్తాలెత్తి, అన్నం కూడా సరిగా తినకుండా వచ్చాడు. సాయంత్రం దాకా ఆగితే వెలుగు చాలదని ఆఖరి ఆట ఎండలోనే మొదలుపెట్టారు. వాడి మొహం కందిపోవడం చూసి, బయటికి వచ్చి కూర్చోమని నేనూ బావా ఇద్దరం చెప్పాం. "ఈ ఒక్క గేమే కదా అన్నయ్యా, నువ్వు చూస్తున్నావని ఆడుతున్నా" అని నవ్వాడు. ఆ ఆట గెలిపించాడు కూడా.

మమ్మల్ని ఇంటి దాకా దింపుతానని బావా బయల్దేరాడు. ముగ్గురం సైకిళ్ల మీద పొలాల మధ్య డొంకదారి పట్టాం. సగం దూరం వచ్చామో లేదో, ముందు పోతున్న తమ్ముడి సైకిలు అటూ ఇటూ ఊగి చేలో పడిపోయింది. పట్టు తప్పిందనుకుని నవ్వబోయాను. దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుంటే పెనం ముట్టుకున్నట్టుంది. ఒంటి మీద చెమటచుక్క లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడడం లేదు. సర్వీసు మనదే, సర్వీసు మనదే అని గొణుగుతున్నాడు.

"బావా, నీళ్లు!" అని అరిచాను. బావ సీసా తలకిందులు చేసి చూపించాడు. సాగర్ కాలువకు అప్పటికే నీళ్లు ఆపేశారు. బావ అంత దూరమూ పరుగెత్తి వెళ్లి, కాలువ అడుగున బురద కూడా దొరక్క వట్టి చేతులతో వచ్చాడు. నా చొక్కా విప్పి వాడి మొహానికి అడ్డం పట్టాను. చలికి మనిషి స్పృహ తప్పితే ఏం చెయ్యాలో నాకు నేర్పారు. దుప్పట్లు చుట్టాలి, పక్కన పడుకుని మన ఒంటి వేడి వాడికివ్వాలి అని. ఇక్కడ నా దగ్గర ఇవ్వడానికి వేడి తప్ప ఏముంది? దేవుణ్ని పిలిచాను, అమ్మను పిలిచాను, ఆ పొలాల్లో ఎవరైనా ఉన్నారేమోనని గొంతు చించుకుని పిలిచాను. ఆ ఎండలో ఎవరుంటారు?

"ఏడుస్తావేంట్రా, ఎత్తు!" అని బావ కసిరితే అప్పుడు కదిలాను. ఇద్దరం వాణ్ని మోసుకుంటూ రోడ్డెక్కాం. బస్సొకటి ఆగకుండా పోయింది, తాగి పడ్డాడనుకున్నారేమో. కారొకటి పోయింది. ఆ తర్వాత వాడరేవు నుంచి చిలకలూరిపేటకు చేపలు వేసుకుపోయే వ్యాను కనిపిస్తే, బావ చేతులు చాచి రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు.

డ్రైవరు గడ్డం నెరిసిన సాయిబు. దిగుతూనే తమ్ముడి మెడ మీద చెయ్యివేసి చూసి, "వడదెబ్బ ఇది. ఏమనుకోబాకండి, ముందు సీట్లో కాదు, వెనక పడుకోబెడదాం" అన్నాడు. వెనక తలుపు తీస్తే నీచువాసనతోపాటు పొగలాంటి చల్లదనం మొహానికి కొట్టింది. ఆయన చేపల బుట్టలు రెండు లాగి రోడ్డు మీద పారేసి, మంచుగడ్డల మీద గోనెపట్టా పరిచి, "ఎక్కించండి, చూస్తారేంటి!" అని కేకేశాడు. వాణ్ని చేపల మధ్య పడుకోబెట్టి, చంకల్లో, మెడ చుట్టూ మంచుముక్కలు కూరుతూ నేను పక్కనే కూర్చున్నాను. వేళ్లు తిమ్మిరెక్కి నావి కాకుండా పోయాయి. కొండల మీద రోజూ తిట్టుకున్న ఆ చలినే ఆ రోజు, ఇంకా కావాలి, ఇంకా కావాలి అని అడుక్కున్నాను. పేటలో ఆసుపత్రి ముందు దించాక నేను దండం పెడితే, "పిల్లోడు లేస్తే అంతే చాలయ్యా" అని వెళ్లిపోయాడు. ఆయనది ఏ ఊరో కూడా నేను అడగలేదు.

తమ్ముడు లేచాడు. కానీ మునుపటి తమ్ముడు లేవలేదు. చెయ్యి చాస్తే వణుకు, నడిస్తే పడవలో నిలబడ్డట్టు ఊగిసలాట, మాట సాగదీసినట్టు వచ్చేది. తల లోపల దెబ్బతిన్నది ఇక బాగుపడదని, ఎండ మాత్రం జన్మలో తగలనివ్వద్దని డాక్టరు చెప్పాడు. పల్లెలో, కూలివాళ్ల ఇంట్లో, ఎండ తగలకుండా బతకడం ఎలాగో ఆయన చెప్పలేదు. "ఎండలో పుట్టినోడే కదయ్యా వీడు, ఎండకేం కోపమొచ్చింది?" అని అమ్మ ఆయన్నే అడిగింది.

నేను పట్టు వదల్లేదు. కొన్నేళ్లకు నీలగిరుల వైపు బదిలీ అయి, ఇల్లు కూడా ఇస్తే, వాణ్ని వెంటబెట్టుకుపోయాను. అక్కడ మా తమ్ముడు మళ్లీ బయటికి వచ్చాడు. మంకీటోపీ పెట్టుకుని, కర్ర పట్టుకుని, మిట్టమధ్యాహ్నం తిరిగి వచ్చి, "అన్నయ్యా, ఎండలో తిరిగా" అని చంటిపిల్లాడిలా చెప్పేవాడు. చుట్టుపక్కల పిల్లలకు బంతి ఎత్తడం నేర్పేవాడు. ఇక వీడికి ఒక దారి దొరికిందని నేను గుండెల మీద చెయ్యి వేసుకుని పడుకున్నాను. ఏడాది తిరక్కముందే, "నన్ను ఇంటికి పంపు" అన్నాడు. అక్కడికి పోతే నాలుగు గోడలే కదరా అని బతిమాలాను, కోప్పడ్డాను, చివరికి వాడి చేతులు పట్టుకుని ఏడ్చాను. వాడు మాటలు కూడదీసుకుని, "ఇక్కడ బయట బానే ఉంటది అన్నయ్యా. కానీ బయటికి పోతే ఎవరూ నన్ను పేరు పెట్టి పిలవరు. మనూరి చలికాలం చాల్లే నాకు" అన్నాడు.

అలా చలికాలమే వాడి బతుకైంది. వానలు వెనకబట్టి పత్తి పగిలే రోజుల్లో గడప దాటేవాడు. పొద్దున్నే మంచు కమ్మిన గట్ల మీద కర్ర పొడుచుకుంటూ, పత్తి తీసే ఆడవాళ్లను పలకరిస్తూ తిరిగేవాడు. క్రిస్మస్ పోటీలకు కోర్టు పక్కన కుర్చీ వేసుకుని ఈల ఊదేవాడు. వాడు ఊదేదాకా పాయింటు పాయింటు కాదు. శివరాత్రి దాటితే మళ్లీ గదిలోకి. వాడి ఏడాది నాలుగు నెలలే, అయినా ఆ నాలుగు నెలలూ నిండుగా ఉండేవి.

ఉద్యోగం ముగించుకుని నేనూ వచ్చేశాను. అమ్మా నాన్నా లేరిప్పుడు. రోడ్డు పొడవునా కోల్డ్ స్టోరేజీలు లేచాయి. మిరపకాయలు చల్లగా ఉండడానికి అంతంత భవనాలు కట్టారు, మనిషి కోసం నేను ఈ గదికొక ఏసీ పెట్టించగలిగాను, కరెంటు పోతే అదీ లేదు. వేసవి ముదిరిందని అందరూ అంటారు. నన్ను కలవరపెట్టేది అది కాదు, చలికాలం చిక్కిపోతోంది. కార్తీకమంతా ఉక్కపోత, సంక్రాంతి నాటికే ఫ్యాను వెయ్యాల్సివస్తోంది, దుప్పట్లు పెట్టెలో మడత విప్పకుండానే ఏడాది గడుస్తోంది. పోయిన క్రిస్మస్ పోటీల్లో రెండో ఆట నడుస్తుండగానే వాడి మొహం కందింది. కోర్టు మధ్యకు పరుగెత్తి ఆట ఆపించి, రెక్క పట్టుకుని లేపితే, "ఇది మన నెల కదా అన్నయ్యా" అని నా చెయ్యి విదిలించుకున్నాడు. ఇంటికి తీసుకొచ్చి తడిగుడ్డలు కప్పి, వాడి మెడ మీద చెయ్యి తీయకుండా కూర్చున్నాను.

ఆ తర్వాత నెలంతా, తెల్లవారగానే బయట చల్లబడిందేమో చూసి రమ్మని నన్ను పంపేవాడు. నేను వాకిట్లోకి వెళ్లి, చొక్కా చేతులు పైకి మడిచి, మా చిన్నప్పుడు పిలవకుండానే వచ్చి వీపెక్కి కూర్చునే ఆ చలి కోసం, వస్తుందేమో, కొంచెమైనా వస్తుందేమో అని నిలబడేవాణ్ని. ఎంతసేపు నిలబడినా ఒళ్లు చల్లబడేది కాదు, చివరికి లోపలికి వెళ్లి చెప్పాలి కదా. వెళ్లేసరికి వాడు చెప్పులు తొడుక్కుని, మంచం అంచున కూర్చుని ఉండేవాడు.