కొసలు మూసిన అక్షరాలు

ఆ రోజుల్లో అక్షరం నాకు బొమ్మే. కొబ్బరిమట్టకో ఆకారం ఉన్నట్టు బస్సు నుదుటి మీది రాతకీ ఓ ఆకారం ఉండేది. ఏది రాజోలు పోతుందో, ఏది అమలాపురం పోతుందో వంపులు చూసి చెప్పేదాన్ని (ఒక్కసారి మాత్రం ముమ్మిడివరంలో తేలాను, అది బోర్డు మార్చకుండా నడిపిన డ్రైవరు తప్పు). చదువుకున్నవాళ్లు అక్షరాన్ని చదివేసి వదిలేస్తారు, దాని వంక చూడరు. నేను చాలా ఏళ్లు చూస్తూనే ఉన్నాను. అలా చూసీ చూసీ ఓ కోరిక పట్టుకుంది. ఒక్క మాట నా చేత్తో అందంగా వెయ్యాలి, దాన్ని ఇంకో మనిషి నా కళ్లముందు చదవాలి. వినడానికి చిన్నదే. నన్ను మాత్రం ముసలితనం దాకా తిప్పింది.

అప్పుడు నేను కొత్తపేటలో ఓ ఆడపిల్లల బళ్లో ఆయాని. ఇద్దరు పిల్లల తల్లిని, అక్షరమ్ముక్క రాదు. మెలికల ముగ్గు వేస్తే మాత్రం దారినపోయేవాళ్లు సైకిలు దిగి చూసేవారు. హెడ్మిస్ట్రెస్‌ని గొడుగు టీచరుగారు అనేవాళ్లం, ఎండైనా వానైనా చంకలో గొడుగుండేది. ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారని కబురందగానే ఆవిడ గోడలకి వెల్ల వేయించి, విరిగిన బల్లలన్నీ వంటపాక వెనక దాయించారు (మోసింది నేనే). గేట్లో పెద్ద అక్షరాలతో ‘దయచేయండి’ అని ముగ్గుపిండితో వేయించాలనుకుంటే, డ్రాయింగు మాస్టారికి జ్వరం తగిలింది. ఆవిడ ఆ మాట పలక మీద రాసి నా చేతికిచ్చారు.

“ఇది చూసి ఇలాగే వెయ్యగలవా?”

“ఆయ్, వేసేత్తానండి.”

“చదవడం రాదు కదే నీకు.”

“ముగ్గులు మాత్రం చదివి వేత్తన్నానాండి?”

మా నాయనమ్మ నేర్పిన ముగ్గులో గీత ఎక్కడ మొదలైందో అక్కడికే తిరిగి రావాలి. కొస వదిలేసిన ముగ్గు వాకిట్లో ఉంటే ఇంట్లో కలిమి ఆ కొసమ్మట బయటికి పోతుందనేది. తీరా పలక చూస్తే ఏ అక్షరానికీ కొస మూసి లేదు. పాపం, టీచరుగారికి ముగ్గులు రావు కాబోలు అనుకున్నాను. చుక్కలు పెట్టి, ఒక్కో అక్షరం కొసని పక్క అక్షరం మెడ చుట్టూ తిప్పి, ఆఖరి కొస తెచ్చి మొదటిదాంట్లో కలిపేశాను. గేటు ఈ పక్కనుంచి ఆ పక్కకి నిండిపోయింది. అంత మంచి ముగ్గు నా జన్మలో మళ్లీ వెయ్యలేదు, అందులో మొహమాటమేం లేదు.

టీచరుగారు వచ్చి చూసి, “మాటేదే?” అన్నారు.

“అదేనండి. కొసలు మీరు వదిలేసేరు, నేను మూసేను.”

ఆవిడ ఊరికే గొడుగు తెరిచి మళ్లీ మూశారు. ఈలోగా జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు దిగి, ముగ్గు ముందు చెప్పులు విడిచి, “ఎంత బాగుందండీ. ఇంకో దారేమన్నా ఉందాండీ?” అన్నారు.

“పర్లేదండి, దీని మీంచే దయచేయండి” అని బతిమాలారు టీచరుగారు.

“అబ్బే, ముగ్గు తొక్కుతామాండీ” అని ఆయన చుట్టూ తిరిగి వంటపాక దారిన వెళ్లారు. విరిగిన బల్లలు ఆయన చూడ్డానికే పేర్చినట్టు కనపడ్డాయి. రమ్మని వేసిన నా మాట ఆ మనిషిని గేటు బయటే ఆపేసింది.

సాయంత్రం టీచరుగారు, “రేపట్నించి బడి వదిలేక నా దగ్గర కూర్చో. నీకు చదువు చెప్పకపోతే నా ఉద్యోగం ఉండేలా లేదు” అన్నారు. అలా నేర్చుకున్నాను. చదవడం వచ్చింది, రాయడమూ వచ్చింది. నేను వెయ్యాలనుకున్న అక్షరం మాత్రం రాలేదు. కొస మూస్తే ఎవరూ చదవలేరు, వదిలేస్తే నాకు మనసొప్పదు. చివరికి మామూలు ముగ్గులు వేసుకుంటూ బతికేశాను. తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. పెళ్లికీ చావుకీ అవే బొద్దు అక్షరాలు, అవే ఎర్రంచులు. నాకు నచ్చవు.

మొన్న హైదరాబాదులో డిజైను చదువుతున్న మా మనవరాలు సెలవులకొచ్చి, ఈ కాలం పిల్లలు గీస్తున్న తెలుగు అక్షరాలు ఫోన్లో చూపించింది. ఓ పోస్టరులో మాటంతా చీల్చిన తాటాకులతో అల్లినట్టుంది. ఇంకోదాంట్లో కాలవనీళ్లలో నీడలా వణుకుతోంది. ఆ తర్వాతది చూసి ఫోను లాక్కున్నాను. అక్షరాలు లావుగా ఉన్నాయి. వాటి కొసల్లోంచి వెంట్రుకంత సన్నటి గీత బయల్దేరి, చుక్కలన్నీ చుట్టి, మళ్లీ మొదటికొచ్చి మూసుకుంది. చదివితే మాట, చూస్తే ముగ్గు.

“ఇదెవరు వేసేరే?”

“ఎవరో అమ్మాయి మామ్మా. బాగుందా?”

లావూ, సన్నం. ఇంతేనా. నేనెప్పుడూ గీతంతా ఒకే లావున పోశాను. ఆ పిల్లని చూసి కుళ్లు రాలేదు, బెంగ వచ్చింది. పలక పట్టుకుని గేట్లో గొంతుక్కూర్చున్న ఆ ఆయా దగ్గరికెళ్లి ఈ బొమ్మ ఒక్కసారి చూపించి రావాలనిపించింది.

“ఏడుస్తున్నావా మామ్మా?”

“ఫోను వెలుతురు ఎక్కువ పెట్టేవు. తగ్గించు.”

మర్నాడు పొద్దున్నే ముగ్గుపిండి తీశాను. “మోకాళ్లు పట్టేస్తాయి మామ్మా, నేను ఫోన్లో గీసిస్తాను” అంది.

“ఫోన్లో పిండి రాలదు. ఆ పీట ఇలా తే.”

పీట జరుపుకుంటూ మా ఇంటి గేట్లో ‘దయచేయండి’ వేశాను. అక్షరానికి గుప్పెడేసి పిండి, గీతకి చిటికెడు. కొసలన్నీ మూశాను. నడుం నిలబెట్టేసరికి చేపలావిడ వచ్చింది. రోజూ గేటవతల నుంచే కేకేసి పోయే మనిషి, గంప నెత్తినెట్టుకుని ఆగిపోయింది.

“ఏటండిది? ద... య... చే...” అని కూడబలుక్కుంది. చివరిదాకా చదివి, “రమ్మన్నాక రాకపోతే బాగోదండి” అంటూ, గంపలోంచి నీళ్లు కారుతుండగా ముగ్గు మీంచి నేరుగా అరుగు దాకా నడిచొచ్చేసింది.

“మామ్మా, ముగ్గు” అంది మనవరాలు.

“పోతే పోయింది. చదివింది కదే.”

చేపలేమంత బాగోలేదు, అయినా తీసుకున్నాను. ‘య’ మీద పడిన తడిపాదాన్ని మాత్రం సాయంత్రం దాకా ఎవర్నీ ఊడవనివ్వలేదు. ఆ రోజు ఇన్‌స్పెక్టరుగారు కూడా ఇలాగే తొక్కేసి లోపలికి వచ్చేసి ఉంటే, గేటు పక్కన పిండి చేతులతో నిలబడ్డ ఆ ఆయా ఎంత సంబరపడేదో.