రెండో బేరం

మా రేకుల సందులో రుష్తూ బాబాయ్ కొట్టు మూతపడటానికి కారణమెవరని అడిగితే అందరూ బైపాస్ రోడ్డు మీదున్న ఊదారంగు దుకాణాన్ని చూపిస్తారు. నన్నడిగితే, ఆ దుకాణానికి మొదటి రోజు బేరం పంపింది రుష్తూ బాబాయే అంటాను. ఆ బేరం ఎవరని మాత్రం అడక్కండి. అడిగితే చెప్పకుండా ఉండలేను. ముప్ఫై ఏళ్ళుగా సెలూన్ నడుపుతున్నవాడి నోట్లో మాట నిలుస్తుందా? నేనే.

టర్కీలో మా డెనిజ్లీ ఊరి పాత బజారులో నా సెలూన్‌కి సరిగ్గా ఎదురుగా ఆయన ఇనప సామాన్ల కొట్టు. వెడల్పు ఆరడుగులు, లోతు మాత్రం ఎంతో ఆయనకే తెలియాలి. రెండు గోడలకూ నేలనుంచి కప్పుదాకా చెక్క సొరుగులు. ఏ సొరుగు మీదా అక్షరం ఉండదు. లోపల ఏముందో అదే ఒకటి బయట బిగించి ఉంటుంది. మేకుల సొరుగుకు మేకు, కొక్కేల సొరుగుకు కొక్కెం, మడతబందుల సొరుగుకు మడతబందు. చదువురాని వాళ్ళ నాన్న చేసుకున్న ఏర్పాటు అది. చదువుకున్న కొడుకు దాన్ని మార్చలేదు.

కొట్లోకి ఎవరడుగుపెట్టినా ఆయన మొదటి మాట, "పాతది తెచ్చావా?"

కొత్త తాళం కావాలంటే పాత తాళం చూపించాలి. చూపిస్తే అటూ ఇటూ తిప్పి, రెండు చుక్కలు నూనె వేసి, "పో, ఇంకో పదేళ్ళు పనిచేస్తుంది" అని పంపేసేవాడు. అవసరం లేనివాడికి అమ్మడం ఆయన దృష్టిలో జేబు కొట్టడంతో సమానం. ఇలాంటి మనిషి వ్యాపారం ఎలా చేశాడని మీకు అనుమానం రావచ్చు. ఆయన భార్యకి కూడా అదే అనుమానం ఉండేది.

ఆయనకు ఇంకో పట్టుదల. బోణీ కానిదే టీ ముట్టడు. మొదటి బేరం డబ్బులు చేతిలో పడగానే వాటిని గడ్డానికి రెండుసార్లు రాసుకుని, "అల్లా బర్కత్ ఇవ్వాలి" అని, సందు దద్దరిల్లేలా "హైరీ! టీ!" అని అరిచేవాడు. టీ కొట్టు హైరీ గొలుసులతో వేలాడే పళ్ళెం ఊపుకుంటూ పరిగెత్తేవాడు. మేమంతా ఆ కేకతోనే గడియారాలు సరిచేసుకునేవాళ్ళం. ఎనిమిదిన్నర. అటూ ఇటూ అయితే ఐదు నిమిషాలు.

బోణీ అయ్యాక వచ్చిన రెండో బేరాన్ని, ఇంకా బోణీ కాని పక్కవాడి దగ్గరికి పంపడం మా సందు మర్యాద. రెండు గుమ్మాల అవతల ఫెహీమ్‌దీ అదే సరుకు. ఈయన అతనికి పంపేవాడు, అతను ఈయనకు పంపేవాడు. మధ్యలో మేకు కోసం వచ్చినవాడు బంతిలా తిరిగేవాడు.

ఊదారంగు దుకాణం తెరిచిన రోజు పొద్దున నా బేసిన్ కొళాయి కారుతుంటే, పాత వాషర్ పట్టుకుని వెళ్ళాను.

"పాతది తెచ్చావా?"

"తెచ్చా బాబాయ్. ఇదిగో."

దాన్ని వెలుతురులో పట్టి చూసి, సొరుగు మీద చెయ్యి వేసి, ఆగిపోయాడు. "నాకు బోణీ అయిందిరా నాజ్మీ. ఫెహీమ్ దగ్గరికి వెళ్ళు."

ఫెహీమ్ తన ముక్కాలిపీట మీంచే అరిచాడు. "నాకూ అయింది! ఇటు తోలకు!"

బాబాయ్ గడ్డం గోక్కున్నాడు. "బైపాస్ మీద ఎవరో కొత్తగా తెరిచారట కదా, ఇవాళే. మన సరుకేనట."

"అది కొట్టు కాదు బాబాయ్. విమానాలు పెట్టుకునేంత ఉంది."

"ఎంతుంటే ఏంట్రా? కొత్తగా పెట్టుకున్నారు. మొదటిరోజే బోణీ లేకుండా కూర్చోబెడితే మన సందు పరువేం కాను?"

"రెండు మినీబస్సులు మారాలి! ఒక్క వాషర్ కోసమా?"

"నీ కుర్చీ ముందు గడ్డాలేమైనా వరసకట్టాయా? వెళ్ళిరా. రుష్తూ పంపాడని చెప్పు, బాగా చూసుకుంటారు."

వెళ్ళాను. తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. బ్యాండు మేళం వాయిస్తోంది. ఊదా ఆప్రాన్ కట్టుకున్న అమ్మాయి నా చేతిలో బెలూన్ పెట్టింది. యాభై ఏళ్ళ మీసాలవాణ్ణి, బెలూన్ పట్టుకుని గల్లాపెట్టె దాకా వెళ్ళి, "రుష్తూ బాబాయ్ పంపాడు" అన్నాను.

"ఏ సెక్షన్ అండీ ఆయనది?" అంది గల్లా దగ్గరి పిల్ల.

వాషర్ ఒకటి అమ్మరట. ఇరవై ఉన్న ప్యాకెట్ కొన్నాను. తర్వాత మూతల డబ్బాలు నాలుగు, బల్బు పెట్టుకునే దీపం ఒకటి, తోటకు నీళ్ళు పట్టే గొట్టం ఇరవై మీటర్లు. నాకు తోట లేదు. అయినా ఎవరూ "పాతది తెచ్చావా" అనలేదు, ఎందుకని అడగలేదు, వద్దని పంపేయలేదు. ఆ పూట నాకు ఎంత హాయిగా ఉండిందో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

తిరిగొచ్చేసరికి బాబాయ్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. సంచి నా వెనకాల దాచుకున్నాను. బెలూన్ దాగలేదు.

"అయిందా వాళ్ళకి బోణీ?"

"అయింది బాబాయ్."

"సంతోషించారా?"

"చాలా."

ఆయన ముఖం వెలిగిపోయింది. హైరీని పిలిచి తన ఖర్చు మీద నాకు టీ ఇప్పించాడు.

తర్వాత సంగతి ఆ కేకలోనే విన్నాం. మొదటి ఏడాది చివరికి "హైరీ! టీ!" తొమ్మిదిన్నరకు జరిగింది. రెండో చలికాలంలో ఫెహీమ్ కొట్టు ఖాళీ చేశాడు, అక్కడ ఫోన్ తొడుగులు అమ్మారు, తర్వాత అవీ లేవు. కేక పదకొండుకు, మధ్యాహ్నం నమాజుకు, ఒకరోజు సాయంత్రం అసర్ నమాజు తర్వాతకు వెళ్ళింది. అలాగని మనుషులు రావడం మానలేదు. ఊదా సంచులు పట్టుకునే వచ్చేవాళ్ళు. "పెద్దాయనా, ఇది ఎలా బిగించాలో కాస్త చూపిస్తారా?" పెదాలు ఎండిపోయి కూడా ఆయన ఓపిగ్గా అరగంట చూపించేవాడు.

"ఆ చెప్పినదానికి రెండు లీరాలు తీసుకో, బోణీ అవుతుంది, ఆ టీ ఏదో తాగుతావు" అన్నాను ఒకసారి.

"చెప్పేది సరుకు కాదురా" అన్నాడు.

చూడలేక ఒక ఉపాయం పన్నాను. రోజూ ఎనిమిదిన్నరకు వెళ్ళి నేనే బోణీ చెయ్యాలి. చెప్పడానికి సులువే. కానీ పాతది ఏదీ? ఊదా దుకాణంలో కొన్న ఇరవై వాషర్ల ప్యాకెట్ గుర్తొచ్చింది. రాత్రి ఒకదాన్ని గడప రాయి మీద రుద్ది రుద్ది అరగదీసేవాణ్ణి. పొద్దున దాన్ని చూపించేవాణ్ణి. అప్పటికి ఆయన కళ్ళు మసకబారాయి, వేళ్ళతో తడిమి చూసి, "నీ కొళాయికి నా వయసొచ్చినట్టుందిరా, పట్టు నిలవడం లేదు" అని నవ్వి కొత్తది ఇచ్చేవాడు. వాషర్ మరుసటిరోజు కొక్కెం, ఆ మరుసటిరోజు బోల్టు, మళ్ళీ వాషర్. డబ్బులు గడ్డానికి రాసుకునేవాడు. "హైరీ! టీ!" ఏడు నెలలు మా సందు మళ్ళీ ఎనిమిదిన్నరకు మేలుకుంది. నా అంత తెలివైనవాడు డెనిజ్లీలో లేడనుకున్నాను.

ఒక చిక్కుంది. నా పాత కొళాయి ఎప్పుడో పోయింది. దాని స్థానంలో ఊదా దుకాణం నుంచి పైకెత్తితే నీళ్ళొచ్చే మెరుపుల కొళాయి తెచ్చి పెట్టించాను. బాబాయ్ ప్రతి శుక్రవారం జుమా నమాజుకు ముందు నా దగ్గర గడ్డం గీయించుకునేవాడు. అందుకని శుక్రవారం వచ్చిందంటే కొళాయి మీద తువ్వాలు కప్పి, చెంబుతో నీళ్ళు పోసేవాణ్ణి. "కారుతోంది బాబాయ్, అందుకే కట్టేశాను" అనేవాణ్ణి.

ఆ శుక్రవారం సగం గడ్డం గీశాను. కుడి చెంప నున్నగా ఉంది, ఎడమ చెంప నిండా నురగ. ఉన్నట్టుండి మెడలో గుడ్డతో సహా కుర్చీలోంచి లేచాడు.

"ఇన్ని వాషర్లు మింగిన కొళాయిని నేనొకసారి చూడాల్సిందే. నాకు నిద్ర పట్టడం లేదురా. నేనిచ్చే సరుకులోనే లోపముందేమోనని."

"వద్దు బాబాయ్, నమాజుకు వేళవుతోంది..."

తువ్వాలు తీశాడు.

వేళ్ళతో ఆ మెరుపుల మెడను తడిమాడు. పైకెత్తాడు, దించాడు. ఒక్క చుక్క కారలేదు. తర్వాత నా వైపు తిరగకుండా, అద్దంలో నన్ను చూస్తూ, నెమ్మదిగా అన్నాడు.

"దీంట్లో వాషర్ ఉండదు కదరా నాజ్మీ."

నేను మాట్లాడలేదు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి.

"ఎన్నాళ్ళుగా?"

"ఏడు నెలలు."

"అయితే ఏడు నెలలుగా నేను బోణీ కాకుండానే టీ తాగుతున్నాను" అన్నాడు.

గుడ్డ విప్పి, మడతపెట్టి, కుర్చీ చేతి మీద పెట్టాడు. ఎడమ చెంప నురగ అరచేత్తో తుడుచుకున్నాడు. సగం గడ్డంతోనే సందులోంచి మసీదుకు నడిచి వెళ్ళాడు. అందరూ చూశారు. నా కత్తికి అంతకంటే అవమానం జరగలేదని ఆ క్షణంలో అనుకున్నాను. అవమానం ఎవరికి జరిగిందో అర్థం కావడానికి నాకు సాయంత్రందాకా పట్టింది.

మర్నాడు వెళ్ళి ఒక మేకు ఇమ్మన్నాను.

"నీకు అవసరం లేదు."

"ఉంది బాబాయ్, అద్దం తగిలించాలి..."

"అవసరం లేనివాడికి నేనెప్పుడైనా అమ్మానా? పోరా, నీ కుర్చీ ఖాళీగా ఉంది."

అంతే. ఆయన నా దగ్గరికి రాలేదు, వేరే సెలూన్‌కూ పోలేదు. గడ్డం పెరిగింది. బోణీ అయిన రోజుల్లో డబ్బులు ఆ తెల్లటి గడ్డానికి రాసుకోవడం అద్దంలోంచి చూసేవాణ్ణి. కాని రోజుల్లో హైరీ పళ్ళెంతో ఆ గుమ్మం ముందుకు రాగానే అడుగు వేగం పెంచి, తల వంచుకుని దాటిపోయేవాడు. అలాంటి రోజులే ఎక్కువ.

వసంతంలో కొట్టు అద్దం మీద కాగితం అంటించాడు. మూసేస్తున్నాం, సగం ధర. చివరి రోజు బుధవారం. ఎనిమిదిన్నరకు నేను కత్తి నూరుతున్నాను.

"హైరీ! టీ!"

ఎన్ని నెలలైంది ఆ కేక ఆ వేళకు విని! హైరీ సగం టీ ఒలకబోసుకుంటూ పరిగెత్తాడు. నా చేతిలో కత్తి ఆగిపోయింది.

పది నిమిషాల తర్వాత, ప్యాంటు మీద సున్నం మరకలున్న ఒక మనిషి నా గుమ్మంలో తటపటాయిస్తూ నిలబడ్డాడు. ముఖం అద్దంలా నున్నగా ఉంది.

"ఎదురు కొట్టు పెద్దాయన పంపాడండీ. నాకు రెండు మడతబందులు కావాలి. ఆయనకు బోణీ అయిందట. సందులో మీకొక్కరికే ఇంకా కాలేదట. ముందు ఇక్కడికి పోయి రమ్మన్నాడు."

"మడతబందులు నా దగ్గరెక్కడివి?"

"నేనూ అదే అన్నానండీ! గడ్డం గీయించుకోమన్నాడు. పొద్దున్నే గీసుకున్నానంటే, 'ఎవడు గీశాడో గానీ సరిగ్గా గీయలేదు, నాజ్మీ దగ్గరికి పో' అన్నాడు."

కూర్చోబెట్టాను. గడ్డం లేని ముఖానికి నురగ పూశాను. కత్తి పట్టుకుని వంగగానే ఆ మనిషి కళ్ళు గట్టిగా మూసుకుని ఏదో దువా చదువుకున్నాడు. డబ్బులిస్తే తీసుకుని గడ్డానికి రెండుసార్లు రాసుకున్నాను.

నురగ గిన్నె, కత్తి పట్టుకుని సందు దాటాను. బాబాయ్ గుమ్మంలో నిలబడి ఎడమకు చూశాడు, కుడికి చూశాడు. రెండు వైపులా దించిన షట్టర్లే. ఇంకా ఎవరికైనా బోణీ కావాల్సి ఉందేమోనని చూస్తున్నాడు.

"బాబాయ్, నీ ఎడమ చెంప మిగిలిపోయింది."

నన్ను ఎగాదిగా చూశాడు. గడ్డం నిమురుకున్నాడు. "ఇవాళ బేరాలున్నాయిరా. శుక్రవారం వస్తాలే."

మధ్యాహ్నానికి వ్యాను వచ్చి సొరుగులన్నీ, వాటి మీది మేకులూ కొక్కేలతో సహా, ఎక్కించుకుపోయింది.

శుక్రవారం కొళాయి మీద తువ్వాలు కప్పలేదు. నీళ్ళు వేడిచేసి, కుర్చీ తుడిచి కూర్చున్నాను. తొమ్మిదైంది. హైరీ వచ్చి అలవాటుగా టీ గ్లాసు నా అద్దం ముందు పెట్టబోతూ, బాబాయ్ నిన్న సాయంత్రమే భార్యను తీసుకుని బావమరిది ఊరికి వెళ్ళిపోయాడని చెప్పాడు.

"టీ వద్దురా. ఇంకా బోణీ కాలేదు" అన్నాను.

హైరీ నన్ను చూశాడు. ఎదురుగా దించిన షట్టర్ చూశాడు. గ్లాసు మళ్ళీ పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.