కోడుమూరు బస్టాపులో సమ్మెట

కోడుమూరు బస్టాపులో ఒక మనిషిని రెండుసార్లు కొట్టాను. ఆయన పేరు నాకు ఇప్పటికీ తెలియదు.

గుంతలో పడి మా కారు అల్లాయ్ చక్రం అంచు నుంచి మధ్యదాకా చీలింది. అలాంటిది ఇప్పుడు దొరకదు. కర్నూలులో వెల్డింగు చేయిద్దామని గోనెసంచిలో వేసుకుని బయల్దేరాను. మూడు మెరిసే చక్రాల పక్కన ఒక నల్ల ఇనుప చక్రం తగిలించుకుని, ఒకప్పుడు మా పొలాల్లో పనిచేసినవాళ్ల ముందు తిరగడం నాకు చేతకాదు.

బస్టాపులో నా పక్కన కూర్చున్న యాభై ఏళ్ల మనిషి సంచిలోకి తొంగిచూసి, చీలికను వేలితో తడిమాడు.

"దీన్ని అతికిస్తావా? పారేయప్పా."

"మా ఇంట్లో పారేసే అలవాటు లేదు."

"మా తమ్ముడూ అతికిచ్చినాడు. ఆలూరు దావలో ఇరిగిపాయ. తలకాయ ఒకచోట, మనిషి ఒకచోట."

"మీ తమ్మునికి తోలను రాకుంటే చక్రానిదా తప్పు?" అన్నాను.

ఆయన చక్రాన్ని లాక్కుపోయి పంక్చరు షాపు ముందు పడేసి, అక్కడున్న సమ్మెట ఎత్తి కొట్టాడు. నేను కాలరు పట్టుకుని మొహం మీద గుద్దాను. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది. సమ్మెట నా మీదికి రాలేదు, మళ్లీ చక్రం మీదికే లేచింది. ఇంకోసారి గుద్దాను. నాలుగో దెబ్బకు చక్రం రెండు ముక్కలైంది.

అప్పుడు సమ్మెట కింద పెట్టి, రొప్పుతూ అడిగాడు.

"ఆ కార్లో ఎవరెవరు కూచుంటారప్పా?"

"నా భార్య, పాప."

ఆయన తలూపి, నెత్తురు ఉమ్మి, వచ్చిన కర్నూలు బస్సు ఎక్కాడు. ఆయన వెనక ఆ బస్సు ఎక్కే మొహం నాకు లేకపోయింది.