వెతికి తెచ్చుకున్న పెళ్ళికొడుకు

కోడలు పని చేసేది సినిమా హాలు టికెట్ల కిటికీ దగ్గర. యుద్ధంలో తప్పిపోయిన సైనికుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళిన భార్య కథ ఆడుతోంది అప్పుడు. సెలవు రోజున అత్తమామల్ని పగటి ఆటకు తీసుకువెళ్ళింది.

తెర మీద ఆ పిల్ల ఆసుపత్రి గుడారంలో మంచం మంచం దగ్గర ఆగి ముఖాలు చూసింది. చివరి మంచం మీద భర్త కళ్ళు తెరిచి ఆమెను పేరు పెట్టి పిలిచాడు. హాలంతా ముక్కులు ఎగబీలుస్తుంటే అత్తగారు నెమ్మదిగా అంది:

"పేరు పెట్టి పిలిచాడు. అదృష్టవంతురాలు."

ఆ మాట కోడలి మనసులో ముల్లులా ఉండిపోయింది. మామగారు యుద్ధంలో తలకు దెబ్బ తగిలి బతికాడని తెలుసు, అంతే. ఇంటికొచ్చాక వంటింట్లో చిక్కుళ్ళకు ఈనెలు తీస్తూ అడిగేసింది.

"మీరూ అలా వెళ్ళారా అత్తయ్యా?"

"వెళ్ళాను. మీ మామయ్య అప్పుడు రొట్టెల బట్టీలో పనివాడు. పెళ్ళైన ఏడాదికే యుద్ధం తీసుకుపోయింది. తర్వాత కబురు లేదు. ఎక్కడ గాయపడ్డవాళ్ళున్నారంటే అక్కడికి కాళ్ళీడ్చుకుంటూ పోయాను. ముఖాలు చూడ్డానికేముంది, అన్నిటికీ కట్లే. చేతులు చూసేదాన్ని. మోచేతి కింద బట్టీ అంచు కాల్చిన మచ్చ దొరికింది."

"గుర్తుపట్టారా?"

"నేను పట్టాను. ఆయన పట్టలేదు. 'మీరెవరండీ' అన్నారు."

కోడలి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

అత్తగారు డాక్టరుకు నిజం చెప్పి, తానెవరో భర్తకు చెప్పొద్దని బతిమాలిందట. ఆ ఆసుపత్రి వంటింట్లోనే గిన్నెలు తోమే పనిలో చేరింది.

"భార్యనని చెప్పేస్తే సరిపోయేది కదా?"

"చెబితే వచ్చేవారే. మర్యాదస్తుడు. కానీ నా మాట మీద వస్తారు. నాకు మనసు మీద రావాలనిపించింది."

గుమ్మంలో నిలబడి వింటున్న మామగారు గొంతు సవరించుకున్నాడు.

"మిగతాది నేను చెప్తానమ్మా. రోజూ గంజి తెచ్చి, తాగేదాకా కదిలేది కాదు. ఈవిడ రాని పూట నాకు పొద్దు గడిచేది కాదు. పెళ్ళి మాట అడుగుదామంటే భయం. నాకు ముందే పెళ్ళయిందేమో, ఆవిడెవరో ఎక్కడో ఎదురుచూస్తోందేమో. అదే చెప్పాను. 'ఆవిణ్ణి వెతికి, లేదని తేలాకే నిన్ను అడుగుతాను' అన్నాను."

"అప్పుడు అత్తయ్య ఏమన్నారు?"

"చేతిలో గిన్నె కింద పెట్టి, 'ఆవిడ ఎదురుచూడ్డం మానేసి ఎప్పుడో వచ్చేసింది' అంది."

ఇన్నేళ్ళూ ఒకే కప్పు కింద, ఉప్పు ఎక్కువైందనీ కిటికీ మూయలేదనీ సణుక్కునే ఈ ఇద్దరేనా అని కోడలు కొత్తవాళ్ళను చూసినట్టు చూసింది.

"మళ్ళీ చేసుకున్నారా పెళ్ళి?"

"చేసుకున్నాం. డాక్టరే సాక్షి."

"మరి ఆ మొదటి పెళ్ళి ఎప్పుడైనా గుర్తొచ్చిందా మామయ్యా?"

"రాలేదు. ఈవిడ చెబితే వినడమే. ఆ రోజు చాలా అందంగా ఉన్నానట. వింటుంటే ఆ పెళ్ళికొడుకు మీద నాకిప్పటికీ కాస్త కుళ్ళు."

అత్తగారు తలెత్తకుండానే నవ్వింది. మామగారు కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చుని, ఒక చిక్కుడుకాయ అందుకున్నాడు.