బానెట్ కింద పొగాకు

ఉదయం ఆరుంబావుకు, పొదిలి దాటగానే, బండిలో ఇంజిన్ దీపం పసుపుగా వెలిగింది. వెనక పరుపు మీద నా భార్య పడుకుని ఉంది. జబ్బు వెన్నులోకి పాకాక ఆమె కూర్చోలేకపోయేది. అందుకే ఒక పాత పెట్రోలు వ్యాను కొని, సీట్లు తీయించి, మంచం, చిన్న గ్యాసు పొయ్యి, నీళ్ళ డబ్బా అమర్చాం. ఆమె అడిగింది ఒకటే. కొత్తపట్నంలో సముద్రం ఒడ్డున ఒక రాత్రి పడుకోవాలి, తెల్లారి అక్కడే కాఫీ కాచుకుని తాగాలి. వెళ్ళేదుంటే ఈ వారంలోనే వెళ్ళమన్నాడు డాక్టరు.

చీమకుర్తి వచ్చేసరికి బండి కుదపడం మొదలైంది. పెట్రోలు వాసన, వెనక నల్లటి పొగ. ఎలాగో ఒంగోలు శివార్లలో ఒక షెడ్డుకి చేర్చాను. మెకానిక్ స్కానర్ తగిలించి చూశాడు.

"ఆక్సిజన్ సెన్సర్ పోయింది మాస్టారూ. పొగగొట్టంలో ఉంటదిది. పెట్రోలు ఎక్కువ పోతోందో తక్కువ పోతోందో ఇంజిన్‌కి చెప్పేది ఇదే. నంబరు పైకీ కిందకీ ఆడాలి. చూడండి, కదలట్లేదు."

ఆ పార్టు ఒంగోల్లో దొరకలేదు. విజయవాడ నుంచి మర్నాడు వస్తుందన్నాడు. కొత్తపట్నానికి ఆటో మాట్లాడతానని ఆమెతో అన్నాను.

"ఆటోలో కూర్చోగలిగితే ఈ బండెందుకండీ?" అంది.

ఆ రాత్రి షెడ్డులోనే ఉన్నాం. రోడ్డు మీద టిక్కీలుగా కుట్టిన మిర్చి బస్తాల లారీలు గుంటూరు వైపు పోతూనే ఉన్నాయి. ఘాటుకి ఆమె దగ్గుతూనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం సెన్సర్ వచ్చింది. పాతది వేడికి పట్టేసింది. నూనె పోసి నానబెట్టి, పానాతో బలంగా తిప్పితే ఊడింది. కొత్తది బిగించి స్టార్ట్ చేశాడు. దీపం మళ్ళీ వెలిగింది. నంబరు అక్కడే నిలబడింది. అప్పుడతను టార్చి పట్టుకుని సెన్సర్ తీగ వెంటే వెతికాడు. పొగగొట్టానికి కరిగి అంటుకున్న గుడ్డమూట ఒకటి కనబడింది. లోపల పొగాకు. దాని పక్కనే తీగ తొడుగు కాలిపోయి, లోపలి రాగి తీగ బండి ఇనుముకు తగులుతోంది.

మా వైపు ఎలుకలు వైర్లు కొరకకుండా బానెట్ కింద పొగాకు కడతారు. బయలుదేరే ముందు రోజు నా భుజం పట్టుకుని నిలబడి, తన పాత నైలాన్ చీర ముక్కలో ఆకు చుట్టి, ఆమే కట్టింది. దారిలో అది జారి పొగగొట్టం మీద పడింది.

"నైలాన్ గుడ్డ కడతారా అమ్మా ఎవరైనా ఇంజిన్లో?"

"ఎలుకలు రాలేదుగా నాయనా," అంది పరుపు మీంచి.

అతను నవ్వాడు. నేనూ నవ్వాను.

తీగ అతికించి టేపు చుట్టేసరికి చీకటి పడింది. దీపం ఆరింది. నంబరు ఆడింది. చెబుదామని వెనక్కి వెళితే ఆమె ఒళ్ళు కాలిపోతోంది. కొత్తపట్నం అక్కడికి ఎంతో దూరం కాదు. బండిని ఆమెకి వైద్యం చేస్తున్న గుంటూరు ఆసుపత్రికి తిప్పాను. దారంతా ఎక్కడా కుదపలేదు. ఆమె ఇంటికి తిరిగి రాలేదు.

బండి ఇప్పుడు పెరట్లో ఉంది. వైర్లు ఎలుకలు కొరికాయి. బానెట్ కింద పొగాకు నేను మళ్ళీ కట్టలేదు.