కొమురెల్లి చెవి

ఠక్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఠక్.

వాన వెలిసిన సాయంత్రం. కరీంనగర్‌లో మా కాలేజీ హాస్టల్ గోడలు తడిసిన సున్నం వాసన వేస్తున్నాయి. లేచి వెళ్లి చూస్తే, వరండాలో ఒక బక్కపలచని కుర్రవాడు రేకు పెట్టె మీద నిలబడి కర్రతో పైకప్పును కొడుతున్నాడు. ఒక్కో దెబ్బకీ తల పక్కకు వాల్చి, దూరాన ఎవరో చెప్పే మాట వింటున్నట్టు ఆగుతున్నాడు. తర్వాత నా గదిలోకే వచ్చి, నా మంచం పైన కొట్టి చూశాడు.

"నీ మంచం జర గటు జరుపు. గీడ డొల్లగున్నది."

"నువ్వు మేస్త్రీవా?"

"కాదు. కొమురెల్లి, బి.ఎస్సీ. నీ గదే ఇచ్చిండ్రు నాకు."

నేను మంచం జరపలేదు. నాలుగో రోజు భోజనానికి పోయి వచ్చేసరికి పైకప్పు పెచ్చు ఊడి నా దిండు మీద పడి ఉంది. కొమురెల్లి ఏమీ అనకుండా ఊడ్చి పారేశాడు. నాకు మొదట కాలింది అక్కడే, ఆ ఏమీ అనకపోవడం దగ్గర.

అది పంతొమ్మిది వందల యాభై ఎనిమిది. మా బాపు వకీలు. ఫిజిక్స్ పుస్తకాలన్నీ హైదరాబాద్ నుంచి తెప్పించి పెట్టాడు. కొమురెల్లికి ఒక్కటీ లేదు. నేను కొత్త పుస్తకానికి అట్ట వేసుకునేలోపు అతను నా పాత పుస్తకంలో పాఠం ముగించేవాడు. అతని ఇంగ్లీషు చూసి నేను నవ్వేవాణ్ణి. లెక్క చూశాక నవ్వు ఎండిపోయేది.

దసరా సెలవులకు బెల్లంపల్లిలో వాళ్ళ ఇంటికి తీసుకుపోయాడు. బొగ్గుగని కంపెనీ క్వార్టరు, ముంగిట బొగ్గు పొగ. వాళ్ళ నాయన రాయమల్లు గనిలో అందరికంటే ముందు దిగి, కర్రతో పైకప్పు కొట్టి చూసే మనిషి. గట్టిగా మోగితే పని మొదలవుతుంది, డొల్లగా మోగితే అందరూ వెనక్కి. ఎట్లా కొడతారో చూపించమంటే ఇంటి గోడ దగ్గరే నిలబడి ఎడమ అరచెయ్యి పైకెత్తాడు. నీళ్లు పోస్తున్న కొమురెల్లి తల్లి పోచవ్వ చెంబును గాలిలోనే ఆపింది.

"గా చెయ్యి లేస్తే పని చేయించే సర్దారైనా నోరు మూసుకోవాలె," అన్నది ఆమె తర్వాత. "ఊపిరి సుత గట్టిగ తియ్యరు. మాట్లాడితే పానం పోతది బిడ్డా."

ఆ రాత్రి పడుకుని, నాకు ఎవరూ ఇలాంటి చెవిని ఇవ్వలేదే అనుకున్నాను. మా బాపు అలమారా నిండా ఉన్నది కాగితమే.

కాలేజీ ప్రయోగశాలలో సోనోమీటర్ అని ఒక పొడుగాటి చెక్కపెట్టె ఉండేది, మీద ఒకటే తీగ. సెకనుకు ఎన్ని కంపనాలో అంకె చెక్కిన ఉక్కు ట్యూనింగ్ ఫోర్కును మోగించి పెట్టెకు ఆనించి, తీగ కింది చెక్కమెట్టును జరిపి పొడవు సరిచేస్తూ పోవాలి. రెండు స్వరాలూ కలిసిన చోట తీగ మీద పెట్టిన కాగితం ముక్క ఎగిరి పడుతుంది. నా కాగితం అరగంట పాటు ముని లాగా కూర్చునేది. కొమురెల్లి కాగితమే పెట్టేవాడు కాదు. కళ్ళు మూసుకుని "గీడ" అనేవాడు. అక్కడే ఉండేది.

మూడో ఏడు మా కైలాసం సారు ఇద్దరినీ పిలిచాడు. "హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ సీటు మన కాలేజీకి వస్తే ఒక్కటే వస్తది. ప్రాక్టికల్ల చూసుకోండ్రి."

నాకు సీటు రాకపోతే లా కాలేజీ ఉంది. అతనికి రాకపోతే గనే. పేరు అప్పటికే కంపెనీలో రాయించి ఉంది.

పరీక్ష రోజు ఇద్దరికీ సోనోమీటరే వచ్చింది, పక్కపక్క బల్లలు. కొమురెల్లి పెట్టెకు చెవి ఆనించి ఉండగా, హైదరాబాద్ నుంచి వచ్చిన పరీక్షాధికారి దగ్గరికొచ్చి, "నీ నంబరెంత?" అన్నాడు. కొమురెల్లి తల ఎత్తలేదు. ఎడమ అరచెయ్యి మాత్రం లేచింది.

పక్క బల్లల వాళ్ళు తీగలు వదిలేసి ఇటు తిరిగారు.

"ఎవరికి చూపిస్తున్నావ్ చెయ్యి?"

కొమురెల్లి కళ్ళు తెరిచి గబుక్కున చెయ్యి దించాడు. "తప్పయింది సార్," అన్నాడు.

పరీక్షాధికారి నా వైపు తిరిగాడు. "ఇతనెప్పుడూ ఇంతేనా?"

వాళ్ళ నాయన గనిలో పైకప్పు వింటాడు సార్, వినేటప్పుడు అట్లా చెయ్యెత్తుతారు. ఇంతే చెప్పాలి. నాలుక మీదికి వచ్చింది కూడా. నేను తల వంచుకుని కాగితం ముక్కను మడుస్తూ ఉండిపోయాను. ఆయన కాసేపు చూసి, కొమురెల్లి చేతిలోని ఫోర్కు లాక్కుని, అంకె కనపడకుండా కాగితం చుట్టిన వేరే ఫోర్కు ఇచ్చాడు.

"ఇదెంతో చెప్పు. తప్పితే ఇంటికి పో."

కొమురెల్లి మోగించాడు, కళ్ళు మూశాడు. చెక్కమెట్టు వెంట్రుకవాసి జరిపాడు, మళ్ళీ ఒక వాసి. ఆగాడు. పొడవు కొలిచి లెక్క వేశాడు. "మూడు వందల నలభై ఒకటి సార్."

పరీక్షాధికారి తానే తీగ మీద కాగితం ముక్క పెట్టి ఫోర్కు మోగించి ఆనించాడు. అది పిట్టలా లేచింది. చుట్టిన కాగితం విప్పితే అదే అంకె. అంత అందమైన ఎగరడం నేను మళ్ళీ చూడలేదు. అది నా తీగ మీద కాదు.

సీటు అతనికి వచ్చింది. మంచి మార్కులతో ఎమ్మెస్సీ ముగించి, ఇప్పుడు ఆదిలాబాద్‌లో ఫిజిక్స్ చెబుతున్నాడని, పిల్లలను కళ్ళు మూసుకుని వినమంటాడని విన్నాను. నేను వకీలునయ్యాను. మాటలతోనే బతుకుతున్నాను. అతణ్ణి మళ్ళీ కలవలేదు.

కడసారి చూసింది కరీంనగర్ బస్‌స్టాండులో, అతను హైదరాబాద్ పోయే రోజు. పరీక్ష రోజు ఎందుకు నోరు మెదపలేదో చెప్పాలని పోయి, అతని రేకు పెట్టె బస్సు మీదికి ఎక్కించి దిగాను. బస్సు కదులుతుంటే కిటికీలోంచి వంగి, నవ్వుతూనే అన్నాడు:

"గా దినం పరీక్షకొచ్చిన పెద్దసారు అడిగితే నువ్వేం చెప్పకుంటివి సూడు, మంచిగైంది దోస్తు. చెప్పినవంటే గా రెండో ఫోర్కు నా చేతికి రాకపోతుండె."